హెన్నెడియెల్లా హైమీ: చౌడునేల మాస్

హెన్నెడియెల్లా హైమీ పోటియేసీ కుటుంబానికి చెందిన ఒక చిన్న మాస్ మొక్క. పెద్దపోటు వచ్చినప్పుడు మాత్రమే సముద్రపు నీరు తాకే తీరపు చిత్తడి నేలలమీద, కరకట్టల వాలులమీద, ఖండాల లోపలి చౌడు భూముల్లో ఇది పెరుగుతుంది. కాండం ఎత్తు సాధారణంగా ఒక సెంటీమీటరు దాటదు. ప్రపంచంలో మాస్ మొక్కలు సుమారు 12 వేల జాతులు ఉన్నా, ఉప్పునేలను ముఖ్య నివాసంగా చేసుకున్నవి బహు కొద్ది. సముద్రంలోనే మునిగి బతికే మాస్ అయితే ఒక్కటీ లేదు. ఉప్పును తట్టుకునే ఆ కొద్ది జాతుల్లో అన్నిటికన్న ఎక్కువ దూరం వ్యాపించినవాటిలో హైమీ ఒకటి: గ్రీన్‌లాండ్ నుంచి అంటార్కిటికా దాకా దీని ఉనికి నమోదైంది.

చౌడునేల మొక్క అనగానే ఉప్పంటే ఇష్టమున్న మొక్క అనుకుంటాం. హైమీ విషయంలో ఆ మాట నిలవదు. ఆర్కిటిక్ ప్రాంతంలో ఇది ఉప్పు జాడ లేని సున్నపు మన్నుమీద, బోడి బంకమట్టిమీద కూడా పెరుగుతుంది. దీనికి కావలసింది ఖాళీ నేల. పెద్ద మొక్కలు కమ్ముకోకుండా, వెలుతురు పడుతూ, ఏడాదిలో కొంతకాలమైనా తడిగా ఉండే మట్టి దొరికితే చాలు. సమశీతోష్ణ దేశాల్లో గడ్డి పట్టని నేల ఎక్కువగా ఉప్పున్న చోటే మిగులుతుంది కనుక అక్కడ ఈ మొక్క చౌడును ఆశ్రయించింది. దీని నిర్మాణం, జీవితచక్రం, విస్తృతి ఈ సంగతి దృష్టిలో పెట్టుకుని చూస్తే తేలిగ్గా బోధపడతాయి.

పేరు, వర్గీకరణ

జాతినామంలో ఉన్న హైమ్ ఒక జర్మన్ వైద్యుడు. ఎర్నస్ట్ లూడ్విగ్ హైమ్ (1747–1834) స్పాండౌలోను, తరవాత బెర్లిన్‌లోను వైద్యం చేశాడు. పేదల దగ్గర డబ్బు తీసుకోని డాక్టరుగా పేరుపడ్డాడు. వృత్తి వైద్యమే అయినా ఆయన మనసంతా మాస్ మొక్కల సేకరణమీద ఉండేది. టేగెల్‌లో హంబోల్ట్ కుటుంబానికి వైద్యుడిగా వెళ్తూ, పిల్లవాడైన అలెగ్జాండర్ ఫాన్ హంబోల్ట్‌కు లిన్నేయస్ వర్గీకరణను పరిచయం చేసింది ఆయనే. తన దగ్గరికి వైద్యానికి వచ్చిన స్పాండౌ బడిపంతులు క్రిస్టియన్ కొన్రాడ్ స్ప్రెంగెల్‌ను మొక్కల వైపు మళ్లించింది కూడా ఆయనే. పూలకూ కీటకాలకూ ఉన్న సంబంధంమీద స్ప్రెంగెల్ 1793లో ప్రచురించిన గ్రంథం పరాగసంపర్క అధ్యయనానికి పునాది అయింది. హైమ్ స్వయంగా శాస్త్ర గ్రంథాలతో కన్న శిష్యులతో వృక్షశాస్త్రానికి చేసిన మేలే ఎక్కువ.

మొక్కకు ఆయన పేరు పెట్టినవాడు యోహాన్ హెడ్విగ్ (1730–1799). ట్రాన్సిల్వేనియాలోని బ్రషోవ్‌లో పుట్టి లైప్జిగ్‌లో స్థిరపడిన హెడ్విగ్‌దీ వైద్య వృత్తే. మాస్ మొక్కల్లో స్త్రీ, పురుష అవయవాలను సూక్ష్మదర్శినిలో గుర్తించి వాటి పని విడమరిచిన ఈయన్ని మాస్ శాస్త్ర పితామహుడంటారు. ఆయన చనిపోయాక 1801లో వెలువడిన ‘స్పీసీస్ మస్కోరమ్ ఫ్రాండోసోరమ్’ గ్రంథం మాస్ మొక్కల నామకరణానికి అధికారిక ప్రారంభ బిందువు. స్ఫాగ్నమ్ వర్గం ఒక్కటే దీనికి మినహాయింపు. ఆ గ్రంథంలో మన మొక్క పేరు జిమ్నోస్టోమమ్ హైమీ.

గుళిక అంచున దంతాలు లేని మాస్‌లన్నిటినీ ఆ కాలంలో జిమ్నోస్టోమమ్ అనే ఒకే ప్రజాతిలో వేసేవారు. దంతాలు లేకపోవడం చుట్టరికానికి గుర్తు కాదని, వేర్వేరు వంశాల్లో అవి విడివిడిగా రాలిపోయాయని తేలాక ఆ ప్రజాతి ముక్కలైంది. 19వ శతాబ్దంలో హైమీ పోటియా ప్రజాతిలోకి చేరి, నూరేళ్లకు పైగా పోటియా హైమీగానే చెలామణి అయింది. పాత పుస్తకాల్లోను, హెర్బేరియం పొట్లాలమీద కూడా ఈ పేరే ఎక్కువగా కనిపిస్తుంది. బ్రిటన్‌లో వాడుక పేరు ఇప్పటికీ ‘హైమ్స్ పోటియా’యే. అమెరికా శాస్త్రవేత్త రిచర్డ్ జాండర్ 1993లో పోటియేసీ ప్రజాతులన్నిటినీ తిరిగి సమీక్షించి, దీన్ని హెన్నెడియెల్లాలోకి మార్చాడు. ఆ ప్రజాతిలోని జాతుల్లో అధికభాగం దక్షిణార్ధగోళానివి. ఉన్న పోటియాలన్నీ టోర్ట్యులా, మైక్రోబ్రయమ్, హెన్నెడియెల్లా వంటి ప్రజాతుల్లోకి పంపకమైపోయాయి.

పోటియేసీ మాస్ కుటుంబాల్లో చాలా పెద్దది. సుమారు 1400 జాతులుంటాయి. ఎడారులు, ఎండకు మాడే రాళ్లు, సున్నపు గోడలు, తారు రోడ్ల అంచులు, ఇంకే మాస్ నిలవని చోట్లు ఈ కుటుంబానికి స్వస్థలాలు. జాండర్ తన గ్రంథం పేరులోనే వీటిని కఠిన పరిసరాల మాస్‌లన్నాడు. భారతదేశంలో వానాకాలం పాతగోడలమీద, సిమెంటు తొట్ల అంచులమీద పచ్చగా పరుచుకునే హయోఫిలా ఇన్వొల్యూటా కూడా ఈ కుటుంబంలోనిదే. కాబట్టి ఉప్పును తట్టుకోవడం హైమీకి కొత్తగా వచ్చిన విద్య కాదు. ఎండటాన్ని భరించే కుటుంబ లక్షణానికి అది కొనసాగింపు.

స్వరూపం

కాండాలు పొట్టివి. కొన్ని మిల్లీమీటర్లకు మించకపోవడం మామూలే. విడిగా గాని, దగ్గరదగ్గరగా గుంపు కట్టి గాని పెరుగుతాయి. రంగు లేత ఆకుపచ్చ. ఎండకు, ఉప్పుకు గురైన చోట గోధుమ లేదా ఎరుపు డాలు తిరుగుతుంది. ఆకులు 2 నుంచి 3 మిల్లీమీటర్ల పొడవున్న బల్లెం ఆకారపు పలకలు. తడిగా ఉన్నప్పుడు విచ్చుకుని నిలబడతాయి. ఎండితే లోపలికి ముడుచుకుని మెలితిరుగుతాయి. నడిమి ఈనె ఆకు కొనదాకా సాగుతుంది, కొన్నిటిలో కొంచెం బయటికి పొడుచుకు వస్తుంది. ఆకు అంచు మడత లేకుండా చదునుగా ఉండి, కొన దగ్గర చిన్న చిన్న పళ్లు దేరి ఉంటుంది. భూతద్దంలో చూస్తే దగ్గరి చుట్టాలైన టోర్ట్యులాల నుంచి దీన్ని వేరుచేసే గుర్తుల్లో ఈ చదును అంచు, పంటి కొన ముఖ్యమైనవి. ఆకు పైభాగపు కణాలమీద సూక్ష్మమైన బుడిపెలుంటాయి. ఈనె దగ్గర తప్ప ఆకు అంతా ఒకే కణం మందం.

అన్ని మాస్‌లలాగే దీనికి నిజమైన వేర్లు లేవు. నేలను పట్టుకోవడానికి గోధుమరంగు మూలతంతువులుంటాయి. నీటినీ లవణాలనూ ఆకులు, కాండం తమ ఉపరితలం నుంచే పీల్చుకుంటాయి.

ఈ మాస్‌ను చూడగానే పోల్చుకునే గుర్తు గుళికలో ఉంది. సుమారు సెంటీమీటరు పొడవున్న సన్నని ఎర్రటి కాడ చివర గోధుమరంగు గుళిక నిటారుగా నిలబడుతుంది. ఆకారం కోలగా ఉండి మూతి వైపు కాస్త వెడల్పు. మూతికి దంతాల వరస లేదు. పక్వమయ్యాక చాలా మాస్‌లలో గుళిక మూత ఊడి రాలిపోతుంది. హైమీలో మూత రాలదు. గుళిక మధ్యలో స్తంభిక అనే చిన్న కడ్డీ ఉంటుంది. మూత దాని కొసకు అతుక్కునే ఉంటుంది. గాలి పొడిగా ఉన్నప్పుడు గుళిక గోడ కుదించుకుపోయి స్తంభిక పైకి తేలుతుంది. ఉడుకుతున్న కుండమీద మూతను కాస్త ఎత్తి పెట్టినట్టు మూత గుళిక నోటికి పైగా నిలబడుతుంది. చుట్టూ ఏర్పడిన సందులోంచి సిద్ధబీజాలు గాలికి కొద్దికొద్దిగా బయటపడతాయి. వాన పడితే గుళిక ఉబ్బి మూత మళ్లీ కిందికి దిగుతుంది. దంతాలున్న మాస్‌లలో గాలిలోని తేమను బట్టి తెరుచుకుని మూసుకునే పని ఆ దంతాలది. హైమీలో దంతాలు పోయినా పని ఆగలేదు, మూత చేస్తోంది. మామూలు చేతి భూతద్దంతో కనిపించే ఈ ఏర్పాటు వల్ల గుళికలున్న కాలంలో మొక్కను పోల్చడం కష్టం కాదు. అదే పొట్టి టోర్ట్యులా ట్రంకేటా వంటివి పొలాల్లోను, తోటల్లోను చూడటానికి దాదాపు ఇలాగే ఉన్నా వాటి మూత ఊడిపోతుంది, గుళిక నోరు తెరిచిన గిన్నెగా మిగిలిపోతుంది.

జీవితచక్రం

కంటికి మొక్కగా కనిపించేది సంయోగబీజద దశ. స్త్రీ, పురుష బీజాశయాలు రెండూ ఒకే మొక్కమీద ఏర్పడతాయి. చెల్లాచెదురుగా, అననుకూల నేలల్లో పెరిగే మొక్కకు ఇది పెద్ద వెసులుబాటు. పక్కన జంట మొక్క లేకపోయినా ఫలదీకరణ జరుగుతుంది. కశాభాలున్న పురుష బీజకణాలు ఈదుకుంటూ వెళ్లడానికి మాత్రం పలచని నీటిపొర తప్పనిసరి. ఫలదీకరణ తరవాత స్త్రీబీజాశయంలోంచే కాడ, గుళిక పెరుగుతాయి. ఇది సిద్ధబీజద దశ. తల్లి మొక్కమీదే నిలబడి దాని నుంచే ఆహారం తీసుకుంటుంది. వృక్షశాస్త్ర పాఠాల్లో నమూనాగా చెప్పే ఫ్యునేరియా జీవితచక్రం తెలిసినవారికి ఇందులో కొత్తదేమీ కనిపించదు.

కొత్తదల్లా కాలపట్టికలో ఉంది. ఐరోపా పశ్చిమ తీరంలో ఆకురాలు కాలం, చలికాలం వానలు చిత్తడి నేలపై పొరలోని ఉప్పును కడిగి పలచన చేస్తాయి. మొక్క పెరిగేదీ, ఫలదీకరణ జరిగేదీ అప్పుడే. వసంతానికి గుళికలు పక్వమవుతాయి. వేసవిలో పోటుకూ పోటుకూ మధ్య నేల ఎండి, నీరు ఆవిరై, మట్టిలో ఉప్పు సముద్రపు నీటిని మించి చిక్కబడే సమయానికి పని పూర్తయి సిద్ధబీజాలు వెళ్లిపోతుంటాయి. సిద్ధబీజం వ్యాసం సుమారు 30 మైక్రాన్లు. తడి తగిలి మొలకెత్తితే ముందు ఆకుపచ్చని దారపుపోగు లాంటి ప్రథమతంతువు వస్తుంది. దానిమీద మొగ్గలు వేసి కొత్త మొక్కలవుతాయి.

నివాసం

బ్రిటిష్ దీవుల్లో ఈ మాస్ ఉండే చోట్లు బాగా పరిశీలనకు వచ్చాయి. బ్రిటిష్ ఉప్పు చిత్తడి నేలల్లో బ్రయోఫైట్ల (మాస్‌లు, వాటి బంధువుల) ఉనికిమీద పీటర్ ఆడమ్ 1976లో ప్రచురించిన పత్రం ఈ రంగంలో మొదటి సమగ్ర పరిశీలనల్లో ఒకటి. సముద్రం వైపు నుంచి నేల వైపు నడుస్తూ వస్తే మొక్కల వరస మారుతూ వస్తుంది. రోజూ రెండుసార్లు మునిగే బురదలో సాలికోర్నియా, సుయేడా వంటి కండగల మొక్కలుంటాయి. అక్కడ మాస్‌లు లేవు. తరవాత పుచినెల్లియా గడ్డి. దానికీ పైన, అమావాస్య పున్నములకు వచ్చే పెద్దపోట్లు మాత్రమే అందుకునే ఎగువ అంచున ఎర్ర ఫెస్క్యూ గడ్డి, ఆర్మేరియా, ప్లాంటేగో పరుచుకుంటాయి. ఈ గడ్డి దుబ్బుల మధ్య పశువుల గిట్టలు తొక్కి, నీరు నిలిచి, ఉప్పు పూసి బోడిగా మారిన జానెడు జాగాల్లో హైమీ కనిపిస్తుంది. గడ్డి దట్టంగా కప్పేసిన చోట ఉండదు. అలల మోత నేరుగా తగిలే చోటా ఉండదు.

మనిషి కట్టిన కరకట్టలు దీనికి రెండో ఇల్లు. ఇంగ్లండ్ తూర్పు తీరంలో సముద్రాన్ని ఆపడానికి పోసిన మట్టికట్టల మీద ఎండకు పగిలిన బంకమట్టిలో, కట్ట దాపున ఉప్పు ఊరే గుంటల అంచుల్లో, తీరపు కాలిబాటల పక్కన ఇది తరచుగా దొరుకుతుంది.

ఖండం లోపలికి వస్తే నివాసం ముక్కలు ముక్కలవుతుంది. జర్మనీలో భూగర్భ ఉప్పు పొరల నుంచి పుట్టే ఊటల చుట్టూ, హంగరీ మైదానంలోని చౌడు గడ్డిభూముల్లో, ఉత్తర అమెరికా పడమటి పీఠభూముల్లోని ఉప్పు చెరువుల గట్లమీద ఉప్పునేల మాస్‌లు చిన్న చిన్న సమూహాలుగా బతుకుతున్నాయి. ఇక్కడి ఉప్పు సముద్రం తెచ్చింది కాదు. ఆవిరయ్యే నీరు వాననీటిని మించిన చోట భూగర్భ జలంలోని లవణాలు పైకి వచ్చి తెల్లగా పొరకట్టడం వల్ల ఏర్పడింది. సోడియం క్లోరైడ్‌కు తోడు సల్ఫేట్లు, కార్బొనేట్లు కూడా ఉంటాయి.

ఉష్ణమండలంలో పరిస్థితి వేరు. అక్కడ పోటు తగిలే నేలను మడ అడవులు ఆక్రమిస్తాయి. వాటిలో బ్రయోఫైట్లు బహు తక్కువ. ఉన్నవి చెట్ల బెరడుమీద, నీరందని ఎత్తులో పెరుగుతాయి. ఆంధ్ర తీరంలో గోదావరి, కృష్ణా ముఖద్వారాల దగ్గర కూడా సుయేడా పొదలుంటాయి గాని, వాటి పాదుల్లో హైమీ లాంటి మాస్ కోసం వెతకడం వృథా. మండే ఎండ, వెచ్చని బురద, ఏడాదిలో ఎక్కువ రోజులు ఆరని ఉప్పు, ఈ మూడూ కలిసిన చోట చలిదేశపు కాలపట్టిక పనిచేయదు.

ఉప్పు, నీరు, కణం

సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలుంటాయి. అలాంటి నీరు మాస్ ఆకుమీద పడితే రెండు రకాల దెబ్బ తగులుతుంది. మొదటిది నీటి కరువు: బయటి ద్రవం కణరసం కన్న చిక్కనిది కావడంతో కణంలోని నీరు బయటికి వెళ్లిపోతుంది. రెండోది విషం: సోడియం, క్లోరైడ్ అయాన్లు లోపలికి జొరబడి, ఎంజైములు పనిచేయడానికి కావలసిన పొటాషియం స్థానాన్ని ఆక్రమిస్తాయి. పుష్పించే మొక్కలకు ఈ దాడిని ఆపడానికి వేరు చర్మం దగ్గరే వడపోత ఉంటుంది. కొన్ని ఉప్పును ఆకుల్లోని గ్రంథుల ద్వారా బయటికి కక్కేస్తాయి. ఒకే కణం మందమున్న, మైనపు పొర లేని మాస్ ఆకుకు ఈ సౌకర్యాలేవీ లేవు. పైన పడ్డది లోపలికి వచ్చినట్టే. ఇందుకే మాస్‌లలో ఉప్పును భరించేవి అరుదు.

మొదటి దెబ్బకు పోటియేసీ కుటుంబం పుట్టుకతోనే సిద్ధం. దాదాపు పూర్తిగా ఎండి, తిరిగి తడి తగలగానే నిమిషాల్లో ఆకులు విప్పి కిరణజన్య సంయోగక్రియ మొదలుపెట్టే మొక్కలు ఈ కుటుంబంలో కొల్లలు. హైమీకి దగ్గరి బంధువైన సింట్రికియా రురాలిస్ ఎండటాన్ని తట్టుకోవడంమీద జరిగిన పరిశోధనలకు ప్రపంచమంతటా వాడిన నమూనా మొక్క. ఎండలో నీరు పోయినా, ఉప్పు లాగేసుకున్నా కణానికి ఒకటే. పొరలు చిరగకుండా, ప్రొటీన్లు ముద్దకట్టకుండా కాపాడుకోవాలి. కాబట్టి ఎండను ఓర్చుకునే మొక్కకు ఉప్పు సగం తెలిసిన శత్రువు.

మిగిలిన సగం అయాన్ల లెక్క. 1970ల్లో బేట్స్, బ్రౌన్ అనే బ్రిటిష్ పరిశోధకులు లోతట్టు రాళ్లమీద పెరిగే గ్రిమియా పుల్వినేటాను, సముద్రపు రాళ్లమీద పెరిగే గ్రిమియా మారిటిమాను సముద్రపు నీటిలో ఉంచి పోల్చారు. లోతట్టు మొక్క కణాల్లోంచి పొటాషియం కారిపోయింది. తీరపు మొక్క దాన్ని నిలబెట్టుకుంది. సముద్రపు నీటిలో సోడియంతో పాటు ఉండే కాల్షియం కణపొరను బిగువుగా ఉంచడంలో తోడ్పడుతుందని కూడా ఆ ప్రయోగాలు చూపించాయి. ఒట్టి ఉప్పునీటి కన్న అదే చిక్కదనమున్న సముద్రపు నీరు మాస్‌లకు తక్కువ హాని చేయడానికి ఇదొక కారణం.

అణుస్థాయిలో ఎక్కువ తెలిసింది హైమీ నుంచి కాదు, ఫిస్కోమిట్రియం పేటెన్స్ నుంచి. ఇది ఫ్యునేరియా కుటుంబపు చిన్న మాస్. 2008లో జన్యుపటం పూర్తయిన మొదటి బ్రయోఫైట్ ఇదే. చెరువు గట్ల బురదలో పెరిగే ఈ మంచినీటి మొక్క ప్రయోగశాలలో 350 మిల్లీమోలార్ సోడియం క్లోరైడును, అంటే లీటరుకు సుమారు 20 గ్రాముల ఉప్పును తట్టుకోవడం పరిశోధకులనే ఆశ్చర్యపరిచింది. దీని కణాల్లో ఈఎన్ఏ1 అనే ప్రొటీన్ పంపు ఉంది. జీవశక్తిని ఖర్చుచేసి సోడియాన్ని బయటికి నెట్టడం దాని పని. శిలీంధ్రాల్లోను, మాస్‌లలోను ఉన్న ఈ పంపు పుష్పించే మొక్కల్లో లేదు. ఆ జన్యువును తొలగించిన మాస్ మొక్కలు ఉప్పులో పెరగలేక వెనకబడ్డాయి. ఆస్ట్రేలియా పరిశోధకులు 2011లో ఇదే జన్యువును వరిలో ప్రవేశపెట్టినప్పుడు ఉప్పులో పెంచిన ఆ వరి మొక్కలు మామూలువాటి కన్న ఎక్కువ పెరుగుదలను నిలుపుకున్నాయి. ఇది ప్రయోగశాల దశలోని ఫలితమే. చౌడు దెబ్బ తిన్న వరిపొలానికి పనికొచ్చే విత్తనంగా మారడానికి ఇంకా చాలా దూరముంది.

విస్తృతి

హైమీ రెండు ధ్రువాల వైపులా పెరుగుతూ, మధ్యలో ఉష్ణమండలాన్ని దాదాపు వదిలేసిన జాతుల్లో ఒకటి. ఉత్తరాన ఐస్‌లాండ్, స్వాల్బార్డ్, గ్రీన్‌లాండ్, అలాస్కా, కెనడా ఆర్కిటిక్ దీవులు. వాటి కింద ఐరోపా తీరాలు, ఆసియాలోను ఉత్తర అమెరికాలోను చల్లని ప్రాంతాలు. దక్షిణాన దక్షిణ అమెరికా కొస, న్యూజీలాండ్, ఆస్ట్రేలియా, అంటార్కిటికా. ఇలాంటి విస్తృతి మాస్‌లలో వింత కాదు. గాలిలో తేలే సిద్ధబీజాలు భూమధ్యరేఖను దాటగలవు. ఆర్కిటిక్ నుంచి దక్షిణ అమెరికాకు వలసపోయే పక్షుల ఈకల్లో బ్రయోఫైట్ల ముక్కలు, సిద్ధబీజాలు చిక్కుకుని ఉన్నట్టు 2014లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. తీరపు పక్షులు దిగేదీ చిత్తడి నేలల్లోనే కనుక హైమీ లాంటి మొక్కకు ఆ ప్రయాణం నప్పుతుంది.

అంటార్కిటికాలో దీని ఉనికి అన్నిటికన్న విచిత్రమైనది. విక్టోరియా లాండ్‌లోని మెక్‌మర్డో పొడి లోయల్లో వాన పడదు. రాలిన కాస్త మంచూ కరగకుండానే ఆవిరైపోతుంది. కడిగే నీరు లేక లక్షల ఏళ్లుగా మట్టిలో లవణాలు పేరుకున్నాయి. సముద్రం పక్కన లేకపోయినా అది చౌడునేలే. వేసవిలో కొద్ది వారాలపాటు హిమానీనదాల అంచులు కరిగి సన్నని వాగులు పారతాయి. వాటి ఒడ్డున, తడి అందినంత మేర, బ్రయమ్ అర్జెంటియమ్ అనే మాస్‌తో కలిసి హైమీ నల్లటి, గోధుమరంగు తివాచీలు పరుస్తుంది. టేలర్ లోయలో ఫ్రిక్సెల్ సరస్సు పక్కనున్న కెనడా హిమానీనదం దాపు ప్రదేశం ఈ మొక్కల కోసమే అంటార్కిటిక్ ఒప్పందం కింద 131వ నంబరు ప్రత్యేక రక్షిత ప్రాంతమైంది. అంత దక్షిణాన మాస్‌లు సాధారణంగా గుళికలు వేయవు. తునిగిన ముక్కలతోనే వ్యాపిస్తాయి. అయినా 77 డిగ్రీల దక్షిణ అక్షాంశం దాపులో హైమీమీద సిద్ధబీజద దశ కనిపించినట్టు 1992లో నమోదైంది.

అంటార్కిటికా మొత్తంమీద సహజంగా పెరిగే పుష్పించే మొక్కలు రెండే జాతులు. ఆ రెండూ ద్వీపకల్పం వైపుకే పరిమితం. విక్టోరియా లాండ్‌లో ఒక్కటీ లేదు. ఇంగ్లండ్ తీరంలో గడ్డి పోటీని తప్పించుకోవడానికి ఉప్పు చాటున దాక్కున్న మొక్కకు ఇక్కడ పోటీయే లేదు. దాని పోరాటం అంతా నీటి కోసం.

ఇతర ఉప్పునేల మాస్‌లు

ఉప్పును భరించే మాస్‌లు ఒకే వంశం నుంచి రాలేదు. సముద్రపు రాళ్లమీద అలల తుంపర పడేచోట పెరిగే షిస్టిడియం మారిటిమమ్ గ్రిమియేసీ కుటుంబానిది; పైన చెప్పిన ప్రయోగాల్లోని గ్రిమియా మారిటిమా ఇదే. ఉప దక్షిణధ్రువ దీవుల్లో, మాక్వారీ, కెర్గులెన్ వంటి చోట్ల, ఆ స్థానాన్ని మ్యుల్లెరియెల్లా క్రాసిఫోలియా తీసుకుంది. అది ఆర్థోట్రైకేసీ కుటుంబానిది. ఇసుక దిబ్బల మధ్య తడి పల్లాల్లో బ్రయమ్ మరాటీ, తీరపు పచ్చికల్లో టోర్టెల్లా ఫ్లేవోవిరెన్స్ పెరుగుతాయి. హంగరీ చౌడు భూముల నుంచి ఆడామ్ బోరోష్ వర్ణించిన ఎంటోస్థోడాన్ హంగారికస్ ఫ్యునేరియా బంధువు.

వీటన్నిటిలో ప్రత్యేకంగా చెప్పదగినది టెరిగోన్యూరమ్ కొజ్‌లోవీ. ఉక్రెయిన్ శాస్త్రవేత్త లజరెంకో వర్ణించిన ఈ మొక్క హైమీ కన్నా చిన్నది, ఒకటి రెండు మిల్లీమీటర్లు. దీని ఆకు ఈనెమీద నిలువుగా లేచిన పచ్చని రెక్కలుంటాయి. ఎండినప్పుడు ఆకు వాటిని మూసుకుంటుంది, తడిసినప్పుడు అవి వెలుతురు పట్టే అదనపు ఉపరితలమవుతాయి. కెనడాలో బ్రిటిష్ కొలంబియా లోపలి లోయల్లోని క్షార చెరువుల గట్లమీద ఇది దొరికింది. 2004లో అక్కడి నిపుణుల సంఘం దీన్ని ముప్పు ఎదుర్కొంటున్న జాతిగా గుర్తించింది.

సంరక్షణ

విస్తృతి పెద్దది కావడంతో హైమీకి ప్రపంచస్థాయిలో ముప్పు లేదు. స్థానికంగా అలా కాదు. ఐరోపా లోపలి ఉప్పు పచ్చికలు మురుగు కాల్వలు తవ్వడంవల్ల, ఊటలను మళ్లించడంవల్ల, దున్నకంవల్ల చాలావరకు అంతరించాయి. 1992 నాటి ఐరోపా ఆవాసాల ఆదేశం లోతట్టు ఉప్పు పచ్చికలను ప్రాధాన్య ఆవాసాల జాబితాలో చేర్చింది. 2019లో వెలువడిన ఐరోపా బ్రయోఫైట్ల ఎర్రజాబితా, పరిశీలించిన జాతుల్లో 22.5 శాతం ముప్పులో ఉన్నాయని తేల్చింది. గుట్టగా పోసిన పొటాష్ గనుల వ్యర్థాల అంచున మాత్రం జర్మనీలో కొత్తగా చౌడు పుట్టి, ఉప్పునేల మొక్కలకు అనుకోని చోటు దొరికింది. పరిశ్రమ పాడుచేసిన నేల అరుదైన మొక్కలకు ఆశ్రయం కావడం రక్షణ అధికారులకు ఇబ్బందికరమైన సంగతే.

తీరంలో సమస్య కరకట్టే. సముద్రమట్టం పెరిగే కొద్దీ చిత్తడి నేల సహజంగా లోపలికి జరగాలి. వెనక కట్ట అడ్డు ఉంటే జరగలేక సన్నబడిపోతుంది. కట్టమీద బతికే హైమీకి ఆ కట్ట మేలే చేసినా, ముందున్న సహజ నివాసాన్ని అదే నలిపేస్తుంది. ఇంగ్లండ్‌లో ఎసెక్స్ తీరాన టోల్స్‌బరీ దగ్గర 1995లో కావాలనే కట్టకు గండి కొట్టి, పొలంలోకి సముద్రాన్ని రానిచ్చి కొత్త చిత్తడి నేలను తయారుచేశారు. ఆ తరవాత అలాంటి ప్రయత్నాలు మరికొన్ని జరిగాయి.

పశువుల మేత విషయంలో లెక్క సున్నితమైనది. మేత పూర్తిగా ఆపేస్తే గడ్డి ఏపుగా పెరిగి మాస్‌కు చోటు ఉండదు. మంద ఎక్కువైతే పైపొర అంతా బురదై మొక్కలు చితికిపోతాయి. అందుకని చాలాచోట్ల ఏడాదిలో కొన్ని నెలలే, తక్కువ పశువులతో మేపుతారు. సర్వేలను కూడా గుళికలుండే వసంతంలోనే చేస్తారు. మిగతా కాలంలో మొక్క కళ్లెదుటే ఉన్నా సాధారణ మాస్‌లలో కలిసిపోయి లెక్కలోకి రాదు.